ఊలు ఎంత కొనాలి, ఎలా కొనాలి, కొన్నాక పని మధ్యలో ఆగకుండా ఎలా అల్లాలి

నిట్, పర్ల్ అనే రెండు మూల కుట్లు ఎలా వేయాలో చూపించే వీడియోలు బోలెడు ఉన్నాయి కాబట్టి నేను ఆ జోలికి పోవట్లేదు. ఇది కుట్లు వేయడం వచ్చి, ఒకట్రెండు మఫ్లర్లు అల్లేసి, ఇంక స్వెట్టరో పసిపిల్లల సెట్టో మొదలుపెడదామని షాపుకి వెళ్లి, ఆ రంగులన్నీ చూసి ఏం కొనాలో తెలీక నిలబడిపోయే వాళ్ల కోసం రాస్తున్నా. ఎందుకంటే సగంలో ఆగిపోయిన పనుల్లో చాలావరకు చెయ్యి తిరగక ఆగిపోవు, కొన్నప్పుడు జరిగిన పొరపాటు వల్ల ఆగిపోతాయి, నాకు అదే జరిగింది కాబట్టి చెప్తున్నా.

మా నాన్న పొద్దున్నే వాకింగ్‌కి వెళ్తారు, డిసెంబర్‌లో హైదరాబాద్ చలికి ఆయనకో చేతుల్లేని స్వెట్టర్ అల్లుదామని ముదురాకుపచ్చ ఊలు 300 గ్రాములు కొన్నా. వెనక భాగం ప్లెయిన్, ముందు భాగంలో మాత్రం రెండు వైపులా జడ డిజైన్. అంతా అయ్యి ఇంక మెడకీ చంకలకీ వేసే రిబ్‌లు, అంటే సాగే అంచు పట్టీలు, మాత్రమే మిగిలాయి అనగా ఊలు అయిపోయింది. మళ్లీ అదే షాపుకి పోతే అదే నంబర్ రంగు ఉంది కానీ లాట్, అంటే రంగు అద్దిన విడత, వేరు, ట్యూబ్‌లైట్ కింద ఒకటే అనిపించింది, బయటికొచ్చి ఎండలో పక్కపక్కన పెడితే తేడా స్పష్టంగా కనపడింది. ఎలా సర్దానో కింద చెప్తా, ముందు అసలు ఇది రాకుండా ఏం చేయాలో చూద్దాం.

1. ముందు ఏం అల్లాలో తేల్చుకోండి, ఊలు తర్వాత

రంగు నచ్చిందని రెండు ఉండలు కొని ఇంటికి తెచ్చి, దీంతో ఏం చేద్దామా అని ఆలోచిస్తే అవి అలాగే బీరువాలో ఉండిపోతాయి, ఎందుకంటే రెండు ఉండలు ఒక మఫ్లర్‌కి చాలొచ్చు చాలకపోవచ్చు, స్వెట్టర్‌కి అయితే అస్సలు చాలవు. కాబట్టి షాపుకి వెళ్లే ముందు ఫోన్‌లో మూడు విషయాలు రాసుకోండి: ఎవరికి, ఏ వస్తువు, ఎప్పటికి కావాలి.

ఈ మూడోది చాలామంది వదిలేస్తారు. మన దగ్గర స్వెట్టర్ వేసుకునే చలి నవంబర్ మధ్య నుంచి జనవరి ఆఖరు వరకు, అంతే. ఉద్యోగం చేసుకుంటూ, వంట చూసుకుంటూ రోజుకి ఒక ముప్పావుగంట అల్లితే పెద్దవాళ్ల స్వెట్టర్‌కి నాకు రెండు మూడు నెలలు పడుతుంది, అంటే వానాకాలంలోనే, ఆగస్టులో మొదలుపెట్టాలి, డిసెంబర్‌లో చలేసినప్పుడు గుర్తొచ్చి మొదలుపెడితే అది ఉగాదికి పూర్తవుతుంది. పసిపిల్లలవి అయితే ఇంకో తిరకాసు, పాప పుట్టాక మూడు నెలల సైజ్ మొదలుపెడితే అల్లేలోపు పాప ఆ సైజ్ దాటేస్తుంది. మా అక్క కూతురికి ఆరు నెలల సైజ్ అల్లా, పుట్టిన రెండో నెలలో ఇచ్చా, చలికాలానికి సరిగ్గా సరిపోయింది. పిల్లలకి ఎప్పుడూ ఒక సైజ్ పెద్దదే అల్లండి.

2. గ్రాములు కాదు, మీటర్లు లెక్కపెట్టండి

ఇది ఒక్కటి గుర్తుపెట్టుకుంటే మిగతా అంతా నెమ్మదిగా వచ్చేస్తుంది. షాపులో అందరూ గ్రాముల్లోనే మాట్లాడతారు, "స్వెట్టర్‌కి 300 చాలు మేడం" అంటారు, వాళ్లు అబద్ధం చెప్పట్లేదు కానీ ఏ ఊలు అనేదాన్ని బట్టి ఆ మాట మారిపోతుంది. 100 గ్రాముల సన్నటి ఊలులో 400 మీటర్ల దారం ఉంటుంది, అదే 100 గ్రాముల మందపాటి దాంట్లో 200 మీటర్లే. కాటన్ అయితే ఇంకా బరువు, అదే మందానికి అక్రిలిక్ అనే సింథటిక్ ఊలు కన్నా గ్రాములు ఎక్కువ పడతాయి.

డీకే అనే మధ్యరకం మందం, అంటే 4 మిల్లీమీటర్ సూదులతో అల్లేది, దాంతో నా అనుభవంలో లెక్కలు ఇలా ఉంటాయి. పసిపిల్లల టోపీకి 60 నుంచి 80 మీటర్లు, ఆరు నెలల పాప స్వెట్టర్‌కి 250 నుంచి 300, మఫ్లర్‌కి 300 నుంచి 400, మగవాళ్ల చేతుల్లేని స్వెట్టర్‌కి ప్లెయిన్ అయితే 650 నుంచి 750, ఫుల్ చేతులది అయితే 1200 నుంచి 1400. జడ డిజైన్ ఉంటే దీనికి ఇంకో పావు వంతు కలపాలి, ఎందుకంటే కుట్లు ఒకదాని మీదుగా ఒకటి దాటేసరికి గుడ్డ లోపలికి ముడుచుకుంటుంది, అదే వెడల్పు రావాలంటే కుట్లు ఎక్కువ వేయాలి, దారం ఎక్కువ తాగుతుంది. నేను కొన్న ఊలు 100 గ్రాములకి 210 మీటర్లు, మూడు ఉండలకి 630. ప్లెయిన్ స్వెట్టర్‌కే బొటాబొటీ, ఇంక జడలకి ఎక్కడ సరిపోతుంది? ఇంకో ఉండ తీసుకుని ఉంటే 840 అయ్యేది, హాయిగా అయిపోయేది. మీరు ఏదైనా ప్యాటర్న్, అంటే అల్లిక సూచనలు రాసిన కాగితం, చూసి అల్లుతుంటే దాంట్లో మీటర్లు రాసే ఉంటాయి, గజాల్లో ఉంటే 0.91తో గుణించండి మీటర్లు వచ్చేస్తాయి, అల్లికలవాళ్ల వెబ్‌సైట్ రావెల్రీలో అయితే అదే వస్తువు అల్లినవాళ్లు ఎంత వాడారో కూడా రాస్తారు.

వచ్చిన లెక్క మీద ఒక ఉండ ఎక్కువ కొనండి. మిగిలితే టోపీ అవుతుంది, తక్కువైతే మాత్రం మొదలుపెట్టిన పనే ఆగిపోతుంది.

3. లేబుల్ చదవడం

ఉండ చుట్టూ ఉండే కాగితం చింపి పారేయకండి. దాని మీద ఏ పీచుతో చేశారో ఉంటుంది, ఉంటే మీటర్లు ఉంటాయి, సూది సైజ్ బొమ్మ ఉంటుంది, ఒక చిన్న గడిలో 10 సెంటీమీటర్లకి ఎన్ని కుట్లు, ఎన్ని వరసలు అని ఉంటుంది, ఉతకడం గుర్తులు ఉంటాయి. అన్నిటికన్నా ముఖ్యం రంగు నంబర్ పక్కన ఉండే లాట్ నంబర్. ఒక్కో విడత రంగు అద్దకానికి ఒక్కో నంబర్ వేస్తారు, రంగు నంబర్ ఒకటే అయినా లాట్ మారితే ఛాయ మారొచ్చు. కొనేటప్పుడు ఉండలన్నీ తిప్పి చూసి ఒకటే లాట్ ఏరుకోండి, షాపాయన విసుక్కున్నా సరే. కొన్ని లోకల్ ఊలు ఉండల మీద లాట్ వేయరు, అప్పుడు అన్నీ ఒకే ప్యాకెట్ లోంచి తీయమనండి, ఉండలు పట్టుకుని గుమ్మం దగ్గరికి వెళ్లి పగటి వెలుతురులో ఒకసారి చూసుకోండి.

ప్లై అనే మాటతో జాగ్రత్త. ఫోర్ ప్లై అంటే నాలుగు పోగులు కలిపి పేనారు అని, అంతే, ఆ పోగు సన్నమా లావా అనేది ఆ మాట చెప్పదు. బ్రిటిష్ ప్యాటర్న్‌లో ఫోర్ ప్లై అంటే సన్నటి ఊలు, ఇక్కడ ఫోర్ ప్లై అని అమ్మేది చాలాసార్లు దానికన్నా లావు ఉంటుంది. కాబట్టి ప్లై చూడకండి, 100 గ్రాములకి ఎన్ని మీటర్లు అనేదే చూడండి. అది లేకపోతే లేబుల్ మీద సూది సైజ్ చూడండి.

సూదుల నంబర్లు కూడా ఇలాగే ఇబ్బంది పెడతాయి. మన షాపుల్లో "పది నంబర్ సూదులు" అంటే పాత బ్రిటిష్ లెక్క, దాంట్లో నంబర్ పెరిగేకొద్దీ సూది సన్నం అవుతుంది. 8 నంబర్ అంటే 4 మిల్లీమీటర్లు, 9 అంటే 3.75, 10 అంటే 3.25, 11 అంటే 3, 12 అంటే 2.75. అమెరికా లెక్క దీనికి తిరగబడి ఉంటుంది, వాళ్ల 8 అంటే 5 మిల్లీమీటర్లు. అమెరికా ప్యాటర్న్ చూసి అమ్మమ్మ పెట్టెలోని 8 నంబర్ సూదులతో అల్లితే పెద్దవాళ్ల స్వెట్టర్ పిల్లల స్వెట్టర్ అవుతుంది. మిల్లీమీటర్లలోనే మాట్లాడండి, గొడవ ఉండదు.

4. మన వాతావరణానికి ఏ దారం

నా అభిప్రాయం సూటిగా చెప్తా, తెలుగు ఊళ్లలో ఉండేవాళ్లకి ఏడాదిలో ఎక్కువ పనికొచ్చేది కాటన్. పసిపిల్లల బట్టలు, ఎండాకాలం టాపులు, బ్యాగులు, టీపాయ్ మీద వేసుకునేవి, అన్నీ. చెమట పీలుస్తుంది, ఎన్నిసార్లు ఉతికినా పర్లేదు. కాకపోతే కాటన్‌కి సాగి మళ్లీ వెనక్కి వచ్చే గుణం లేదు, రిబ్ వదులైపోతుంది, అందుకే రిబ్‌కి రెండు సైజులు చిన్న సూది వాడండి. తడిసినప్పుడు బరువుకి సాగిపోతుంది, తీగ మీద వేలాడదీయకుండా పరిచి ఆరేయండి.

అక్రిలిక్ చవక, రంగులు బోలెడు, వాషింగ్ మెషీన్‌లో వేసేయొచ్చు, పురుగు పట్టదు, నేర్చుకునేటప్పుడు ఇదే మంచిది. లుధియానా నుంచి వచ్చే వర్ధమాన్ లాంటివి ఏ ఊరి మ్యాచింగ్ సెంటర్‌లో అడిగినా దాదాపు దొరుకుతాయి. కానీ చెమట పీల్చదు, పసిపిల్లలకి ఒంటికి నేరుగా తగిలేలా వేయకండి, లోపల కాటన్ చొక్కా ఉండాలి. ఇస్త్రీ మాత్రం అస్సలు చేయొద్దు, వేడికి కరిగి చచ్చుబడిపోతుంది, మళ్లీ మామూలుగా కాదు. అసలు ఉన్ని అయితే ఢిల్లీలోనో అమెరికాలోనో ఉన్న మనవాళ్లకి పంపడానికి చాలా బాగుంటుంది, అక్కడ చలికి అక్రిలిక్ ఆగదు. మన తెలంగాణలో కురుమలు గొంగడి నేసే దక్కనీ గొర్రె ఉన్ని ఉంది చూశారా, అది గరుకు, వానకీ చలికీ కప్పుకోడానికే తప్ప మెడకి చుట్టుకునే మఫ్లర్‌కి పనికిరాదు, ఒంటికి తగిలే వాటికి మెరీనో గొర్రె ఉన్ని లాంటి మెత్తటిది కావాలి. ఇంకోటి, నరసాపురం వైపు వాళ్లకి క్రోషే దారం గురించి నేను చెప్పేదేం లేదు, అక్కడ లేసు అల్లిక ఇంటింటి పని, కానీ ఆ లేసు దారం చాలా సన్నం, స్వెట్టర్ సూదులకి అది కాదు, షాపులో "కాటన్ దారం" అంటే అదే ఇచ్చేస్తారు, కాబట్టి నిట్టింగ్‌కి అని చెప్పి అడగండి.

లేబుల్ లేని ఊలు "ప్యూర్ ఉల్" అని అమ్మితే వేలెడు ముక్క అడిగి తెచ్చుకుని ఇంట్లో సింక్ దగ్గర స్టీల్ ప్లేటులో పెట్టి కాల్చి చూడండి, పిల్లలు పక్కన లేనప్పుడు. ఉన్ని అయితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్లతో నలిపితే పొడైపోతుంది. కాటన్ అయితే కాగితం కాలిన వాసన. అక్రిలిక్ కరిగి గట్టి నల్లపూసలా అవుతుంది.

5. షాపులో

హైదరాబాద్‌లో అయితే బేగంబజార్, సుల్తాన్‌బజార్, సికింద్రాబాద్ జనరల్ బజార్, ఈ మూడు చోట్లా లేసులు, బటన్లు, ఫాల్స్ అమ్మే షాపులు చూసుకుంటూ పోతే ఊలు కనపడుతుంది. బేగంబజార్‌లో "భయ్యా, ఊన్ హై క్యా" అంటే వెంటనే అర్థమవుతుంది, నిట్టింగ్ యార్న్ అంటే ఒక్కోసారి అర్థం కాదు. వేరే ఊళ్లలో పెద్ద మ్యాచింగ్ సెంటర్‌లో అడగండి. సెప్టెంబర్, అక్టోబర్‌లో వెళ్తే కొత్త స్టాక్, జనవరి ఆఖర్లో వెళ్తే రంగులు తక్కువ కానీ బేరానికి దిగొస్తారు.

ఉండని బుగ్గకి కాదు, మెడ పక్కన ఆనించి చూడండి, గుచ్చుకుంటుందా లేదా అక్కడే తెలుస్తుంది. ఒక పోగు లాగి మెలి విప్పి చూడండి, ఊరికే విడిపోతుంటే అల్లేటప్పుడు సూది మొన పోగుల మధ్యలో దూరి విసిగిస్తుంది. మొదటిసారి అల్లేవాళ్లు నలుపు, నేవీ బ్లూ కొనకండి, రాత్రి లైట్ కింద కుట్లు కనపడవు, కళ్లు లాగేస్తాయి. లేత రంగు, నున్నటి దారం తీసుకోండి. ఆన్‌లైన్‌లో కొంటే మొత్తం ఒకే ఆర్డర్‌లో పెట్టండి, రెండుసార్లుగా పెడితే లాట్ మారొచ్చు.

సూదులు స్టీల్‌వో అల్యూమినియంవో కొనండి, పోనీ (Pony) అనే కంపెనీ సూదులు ఎక్కడైనా దొరుకుతాయి. చెమట చేతులకి ప్లాస్టిక్ అతుక్కుంటుంది, అందుకే. బస్సులో రైల్లో అల్లేవాళ్లు వైరు సూదులు, అంటే రెండు మొనల మధ్య కేబుల్ ఉండేవి తీసుకోండి, పక్కవాళ్లకి మోచెయ్యి తగలదు, బరువంతా ఒళ్లో ఉంటుంది, మణికట్టుకి శ్రమ తగ్గుతుంది. మంచివి కావాలంటే నిట్‌ప్రో కంపెనీ సూదులు మన దేశంలో తయారయ్యేవే.

6. ముక్క అల్లి చూడకుండా మొదలుపెట్టకండి

లచ్చిగా వచ్చిన ఊలైతే ముందు ఉండ చుట్టాలి, ఎవరినైనా రెండు చేతులూ చాపి కూర్చోమని ఆ చేతులకి తగిలించి చుట్టుకోండి. మా ఇంట్లో నాన్నే కూర్చుంటారు, టీవీలో న్యూస్ చూస్తూ. ఎవరూ లేకపోతే కుర్చీ వీపు.

తర్వాత 15 సెంటీమీటర్ల చదరం ముక్క అల్లండి, ఉతికి ఆరబెట్టి, మధ్యలో 10 సెంటీమీటర్లలో ఎన్ని కుట్లు ఉన్నాయో లెక్కపెట్టండి. రెండు సాయంత్రాలు దండగ అనిపిస్తుంది, కానీ లెక్క చూడండి. నాన్న ఛాతీ 96 సెంటీమీటర్లు, వదులు కోసం 8 కలిపితే 104. 10 సెంటీమీటర్లకి 22 కుట్లు వస్తే 104కి 229, రెండు నిట్, రెండు పర్ల్ వేసే రిబ్‌కి నాలుగుతో భాగం పోవాలి కాబట్టి 228. ఇప్పుడు నా చెయ్యి కాస్త వదులై 10 సెంటీమీటర్లకి 20 కుట్లే వచ్చాయనుకోండి, అదే 228 కుట్లు 114 సెంటీమీటర్లు అవుతాయి. అంటే రెండు కుట్ల తేడాకి పది సెంటీమీటర్లు పెద్దదవుతుంది. కుట్లు తక్కువ వస్తే సన్న సూదికి మారండి, ఎక్కువ వస్తే లావు సూదికి.

7. రోజులో ఎక్కడ అల్లాలి

ఒకేసారి రెండు పనులు పెట్టుకోండి, రెండే. ఒకటి చూడకుండా అల్లగలిగేది, ప్లెయిన్ మఫ్లరో వెనక భాగమో, అది హ్యాండ్‌బ్యాగులో ఉంటుంది, ఆఫీస్ బస్సులో, డాక్టర్ దగ్గర వెయిటింగ్‌లో, పిల్లల ట్యూషన్ బయట. రెండోది జడలు, డిజైన్ ఉన్నది, అది ఇంట్లోనే, అందరూ పడుకున్నాక. డిజైన్ పనిని కుక్కర్ విజిల్స్ మధ్యలో ముట్టుకోకండి, మూడో విజిల్‌కి లేచి వెళ్లి వచ్చేసరికి ఏ వరసలో ఉన్నారో పోతుంది. వరస మధ్యలో ఎప్పుడూ ఆపొద్దు, తలుపు కొట్టినా ఆ వరస అయ్యాకే లేవండి.

వరసలు లెక్కపెట్టడానికి పూజ సామాన్ల షాపులో దొరికే వేలికి పెట్టుకునే జపం కౌంటర్ కొనుక్కోండి, వరసకోసారి నొక్కితే చాలు, నాకు ఇంతకన్నా మంచి సాధనం దొరకలేదు. డిజైన్ మొదలయ్యే ముందు వరసలో కుట్లన్నిటి గుండా వేరే రంగు సన్న దారం సూదితో దూర్చి ఉంచండి, తప్పు పోయి విప్పాల్సి వస్తే అక్కడిదాకా వచ్చి ఆగుతుంది, కుట్లు జారిపోవు. ప్రతి పది వరసలకీ ఒకసారి కుట్లు లెక్కపెట్టండి. తప్పు కనపడితే అదే రోజు విప్పండి, ఎవరు చూస్తారులే అని ముందుకి పోతే ఇంక ఆ స్వెట్టర్‌లో మీకు ఆ ఒక్క కుట్టే కనపడుతుంది.

మే నెలలో ఒళ్లో ఊలు పెట్టుకుని కూర్చోలేం, అప్పుడు చిన్న చిన్నవి అల్లండి, టోపీలు, మేజోళ్లు, చేతులు, విడి ముక్కలుగా. చేతులు కడుక్కుని తుడుచుకుని కొద్దిగా పౌడర్ రాసుకుంటే దారం సాఫీగా జారుతుంది.

ఇంకో ముఖ్యమైన అలవాటు, వంటింటి డిజిటల్ కాటా. వెనక భాగం పూర్తయ్యేసరికి ఊలు ఎంత మిగిలిందో తూచండి. సగం కన్నా తక్కువ మిగిలితే అప్పుడే షాపుకి పరిగెత్తండి, ఆ లాట్ ఇంకా ఉండొచ్చు. నేను ఆ తూకం వేసి ఉంటే ముందు భాగం మొదలుపెట్టకముందే తెలిసేది.

8. తక్కువ పడితే

కొత్త లాట్ ఉండని నేరుగా పాతదాని చివర కలిపేస్తే అడ్డంగా గీత కనపడుతుంది. ఇంకా చాలా భాగం మిగిలి ఉంటే పాతదాంతో రెండు వరసలు, కొత్తదాంతో రెండు వరసలు మార్చి మార్చి అల్లండి, ఛాయ కలిసిపోతుంది. నా కేసులో రిబ్‌లు మాత్రమే మిగిలాయి కాబట్టి మెడ, రెండు చంకలు మొత్తం కొత్త లాట్‌తోనే అల్లేశా, కింద అంచు రిబ్ కూడా విప్పి దాంతోనే వేశా, అప్పుడు అది కావాలని పెట్టిన బోర్డర్‌లా అయ్యింది. నాన్న ఇప్పటికీ అది డిజైన్ అనుకుంటున్నారు, బాగుందనే అన్నారు.

దారం కలిపేటప్పుడు ముడి వేయకండి, వరస మొదట్లో కొత్తది అందుకుని రెండు వైపులా ఒక 15 సెంటీమీటర్ల తోక వదిలి తర్వాత లావు సూదితో లోపలి వైపు కుట్లలో దూర్చేయండి.

9. పూర్తయ్యాక

గోరువెచ్చని నీళ్లలో 20 నిమిషాలు నానబెట్టి, పిండకుండా నొక్కి నీళ్లు తీసి, తువ్వాలులో చుట్టి మీద నిలబడి తొక్కండి, తర్వాత కొలతలకి సరిచేసి నీడలో పరిచి ఆరేయండి. ఉన్ని అయితే వేడినీళ్లు, బ్రష్ వద్దు, పీచు ఒకదానికొకటి పట్టేసుకుని గుడ్డ చిన్నదైపోతుంది. దాచేటప్పుడు ఉన్నిని ఉతికి బాగా ఎండాకే జిప్ కవర్‌లో పెట్టండి, చెమట మురికి ఉన్న చోటే పురుగు ముందు పడుతుంది, వానాకాలంలో నెలకోసారి తీసి గాలికి ఆరేయండి.

మిగిలిన ఊలులో ఒక ఐదు మీటర్లు లేబుల్‌కి చుట్టి, ఎవరి కోసం అల్లారో, ఏ సూది వాడారో, ఎన్ని కుట్లో ఆ కాగితం వెనకే రాసి ఒక డబ్బాలో వేసుకోండి. పోయిన జనవరిలో గేటు గడియకి పట్టుకుని నాన్న స్వెట్టర్ జేబు దగ్గర చిరిగితే, డబ్బాలోంచి ఆ పచ్చ ఊలు తీసి పది నిమిషాల్లో కుట్టేశా.